నలభై వేలకి ఎంత రోషనీ?



పోయిన షవ్వాల్ నెలలో మా ఆపా శ్రీకాకుళం నుంచి విజయనగరం వచ్చింది. ఈద్ కలవడానికి వచ్చిందనుకున్నాం. షీర్ ఖుర్మా తాగడం అయ్యాక పర్సులోంచి రుమాలు మూట తీసి నా ముందు పెట్టింది.

"నలభై వేలు. చిట్టీ పాడుకున్నాను. పిల్లకి ఫోటో లైట్లు కొనిపెట్టు," అంది.

పిల్ల అంటే నా భాంజీ. డిగ్రీ అయింది. రెండేళ్ళ కిందట ఎవరో వాడి వదిలేసిన కెమెరా ఒకటి సంపాదించి సొంతంగా నేర్చుకుంది. మూడు నికాహ్‌లలో జనానా వైపు ఫోటోలు తీసింది. మన ఇళ్ళలో ఆ పని చేసే ఆడపిల్ల దొరకడం ఎంత కష్టమో మీకు తెలుసు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మనవాళ్ళం తక్కువ. మగ ఫోటోగ్రాఫర్ వస్తే పర్దాలో ఉండే ఆడవాళ్ళు పక్క గదిలోకి వెళ్ళిపోతారు. షాదీ ఆల్బమ్ తిరగేస్తే దుల్హన్ ఒక్కతే ఉంటుంది. ఆమెను పెంచిన నానీ, ఖాలా, ఫుప్పూ ఎక్కడా కనపడరు.

కానీ ఆ నలభై వేలు ఉత్త నలభై వేలు కాదు. మా బావగారు పోయి ఆరేళ్ళయింది. ఆపా బట్టలు కుట్టి నెలనెలా కట్టిన చిట్టీ అది, పిల్ల షాదీ కోసమని మొదలుపెట్టింది. "షాదీ పైసలు పెట్టి కరెంటు దీపాలు కొంటారా?" అని చుట్టాల్లో ఇద్దరు ముగ్గురు అప్పటికే అడిగేశారట. ఆపా వాళ్ళకి జవాబు చెప్పలేదు. నాతో మాత్రం, "నువ్వు పేపర్లో పనిచేస్తావు, ఫోటోగ్రాఫర్లు తెలుసు. పైసలు వృథా కానివ్వకు," అంది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

ఎందుకంటే మా ఇంట్లో లైట్ల కథ ఇది రెండోది.

మా అబ్బా విజయనగరంలో, మూడు లాంతర్ల దగ్గర ఒక సందులో, చిన్న స్టూడియో నడిపేవారు. నేను ఉర్దూ మీడియం బడి నుంచి వచ్చి అక్కడే హోంవర్క్ రాసుకునేవాణ్ని. బడిలో ఉస్తాద్‌గారు "రోషనీ" అని రాయించేవారు, సాయంత్రం అబ్బా దాన్ని మనిషి మొహం మీద ఎక్కడ పడాలో చూపించేవారు. రెండు పెద్ద బల్బులు, వెనక తెల్లటి దుప్పటి. పాస్‌పోర్టు ఫోటోలు, గల్ఫ్ వెళ్ళేవాళ్ళ ఫోటోలు, హజ్ ఫారాల ఫోటోలు. దాంతో ఇల్లు గడిచేది. తర్వాత రంగుల ఫోటోలొచ్చాయి. పక్క వీధి స్టూడియోల్లో గొడుగులున్న ఫ్లాష్ లైట్లు వచ్చాయి. అబ్బా కూడా కర్జ్ తీసుకుని పెద్ద లైట్లు తెప్పించారు. సూద్ మీద తెచ్చిన కర్జ్ అది. లైట్లు బాగానే వెలిగాయి, ఫోటోలూ బాగా వచ్చాయి. కానీ మా సందులోకి వచ్చే గిరాకీకి అంత వెలుగు అక్కర్లేదు. వాయిదాలు మాత్రం ప్రతి నెలా వచ్చేవి. నేను కాలేజీలో తెలుగు బీఏ చదువుతుండగా స్టూడియో మూతపడింది. అబ్బా లైట్లు అమ్మేశారు. ఒక చిన్న ఫ్లాష్, ఒక గొడుగు సందూక్‌లో మిగిలాయి.

నేను జర్నలిస్టునయ్యాను, ఫోటోగ్రాఫర్ని కాలేదు. కారణం అదేనని ఇప్పుడు అనుకుంటాను.

భాంజీ తీసిన పాత ఫోటోలు మొదట చూశాను. ఫ్రేమ్ బాగుంది, మొహాల్లో ప్రాణం ఉంది. కానీ వెలుగు చాలక అంతా ఇసుక జల్లినట్టు ఉంది. కొన్నింట్లో చేతులు కదిలి మసకబారాయి. మర్దానా వైపు స్టేజీ, ఫోకస్ లైట్లు, డెకరేషన్ అన్నీ ఉంటాయి. జనానాకి మేడ మీద గది, ఒక ట్యూబ్‌లైటు. మన షాదీల్లో ఇది మామూలే.

నిజానికి ఇది మన కాలపు సమస్య కూడా కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో తెరిచారు. దాన్ని నడిపింది ఒక ఇంగ్లీషు మహిళ, కెన్నీ-లెవిక్ గారు. పర్దా పాటించే ఆడవాళ్ళు అక్కడికి వచ్చి నిశ్చింతగా ఫోటో దిగేవారు. నవాబుల బేగమ్‌లకి 130 ఏళ్ళ కిందటే దొరికిన సౌకర్యం మా శ్రీకాకుళం పిల్ల మామూలు ఇళ్ళకి తెద్దామనుకుంటోంది. ఈ మాట చెబితే భాంజీ నవ్వి, "వాళ్ళ బడ్జెట్ ఎంత మామూ?" అంది.

ఇద్దరం విశాఖ వెళ్ళాం. షాపులో నా కళ్ళు వెళ్ళింది 600 రకం లైట్ల మీదకి. రెండు లైట్లు, రెండు సాఫ్ట్‌బాక్సులు, స్టాండ్లు, బ్యాగు కలిపి ఒక కిట్. మా దగ్గరున్న దానికి దాదాపు రెట్టింపు. "మిగతాది వాయిదాల్లో కట్టొచ్చు సార్," అన్నాడు షాపు కుర్రాడు. "వద్దులే, మిగతాది నేనిస్తాను, కర్జ్-ఎ-హసనా అనుకో, ఉన్నప్పుడు ఇవ్వు," అన్నాను భాంజీతో. పెద్ద లైటుని చేత్తో తడుముతూ ఉన్నాను. అబ్బా తెచ్చినవి అలాగే ఉండేవి.

అది నన్ను పక్కకి పిలిచి మెల్లగా అడిగింది: "మామూ, మీరు ఇది నా కోసం కొంటున్నారా, నానా కోసమా?"

నా దగ్గర జవాబు లేదు. టీ తాగుదాం పద అన్నాను.

టీ కొట్టు దగ్గర అది నోట్‌బుక్ తీసింది. ఆ పిల్ల చెప్పిన హిసాబ్ మీకూ చెబుతాను. మీ ఇంట్లో కూడా రేపు ఎవరో ఒకరు ఈ పనికి దిగుతారు కాబట్టి.

మొదటిది, ఫ్లాష్ బలాన్ని కొలిచేది వాట్లలో కాదు, వాట్-సెకండ్లలో. "ఎల్ఈడీ లైటు కొనుక్కోవచ్చు కదా, కళ్ళకి కనపడుతుంది, వీడియోకీ పనికొస్తుంది," అని నేనన్నాను. అది లెక్క వేసి చూపించింది. 60 వాట్ల ఎల్ఈడీ వెలుగుతూ ఉండగా షటర్ 1/60 సెకండు తెరుచుకుంటే, ఆ ఫోటోకి దక్కేది ఒక్క వాట్-సెకండ్. 300 వాట్-సెకండ్ల ఫ్లాష్ తన శక్తినంతా ఆ ఒక్క మెరుపులోనే ఇచ్చేస్తుంది. వీడియో తీసేవాళ్ళకి ఎల్ఈడీ తప్పదు. ఫోటో వరకే అయితే తక్కువ ఖర్చులో ఎక్కువ వెలుగు ఇచ్చేది ఫ్లాషే.

రెండోది, అంకె రెట్టింపు అయితే ఫోటోలో వచ్చే తేడా ఒక్క స్టాప్. అంటే 300 నుంచి 600కి పోతే కెమెరాలో ఐఎస్‌ఓ 100ని 200 చేసినంత తేడా. 300కీ 400కీ మధ్య అయితే సగం స్టాప్ కూడా లేదు. ఆ కాస్త కోసం వేలకి వేలు పెట్టాలా?

మూడోది గైడ్ నంబర్. అది చూసుకున్న లైటు గోడాక్స్ ఎంఎస్300. దాని గైడ్ నంబర్ ఐఎస్‌ఓ 100 దగ్గర 58. మనిషిని 2 మీటర్ల దూరంలో కూర్చోబెడితే 58ని 2తో భాగించాలి, 29 వస్తుంది. ఎఫ్ 29 అన్నమాట. ముందు సాఫ్ట్‌బాక్స్ పెడితే సుమారు రెండు స్టాపులు తింటుంది. ఎఫ్ 14 దగ్గరకి వస్తుంది. తను పోర్ట్రెయిట్ తీసేది ఎఫ్ 8లో. అంటే ఆ 300లో మూడో వంతు చాలు. "మరి 600 కొని ఏం చేస్తాను మామూ? ఆరో వంతులో వాడుకోవాలి."

నాలుగోది నాకు అసలు తట్టనే లేదు. లైటు ఎంత పెరుగుతుందో అందరూ అడుగుతారు, ఎంత తగ్గుతుందో ఎవరూ అడగరు. ఇది 1/32 వరకు తగ్గుతుంది, అంటే 9 వాట్-సెకండ్ల పైచిలుకు. కొన్ని 400 లైట్లు 1/16 దగ్గరే ఆగిపోతాయి, 25 వాట్-సెకండ్లు. మా ఆపా ఇంటి ముందు గది పది అడుగులకి పన్నెండు. అంత చిన్న గదిలో వెనకంతా మెత్తగా మసకగా రావాలని లెన్స్ పూర్తిగా తెరిస్తే, తగ్గని లైటు ఫోటోని తెల్లగా కొట్టేస్తుంది. చిన్న ఇంటికి చిన్నగా వెలగడం తెలిసిన లైటు కావాలి.

ఆ రోజు ఏమీ కొనకుండా తిరిగొచ్చాం. నేను మాత్రం ఊరుకోలేదు. సెకండ్ హ్యాండ్‌లో పెద్ద లైటు ఆరు వేలకి దొరుకుతోందని తెలిసి, భాంజీకి చెప్పకుండా నా పైసలతో కొనేశాను. సర్‌ప్రైజ్ ఇద్దామని. ఇంటికొచ్చి ఫుల్ పవర్‌లో నాలుగు సార్లు కొట్టాను. అయిదోసారి టప్ మని శబ్దం, కాలిన వాసన, అంతే. బాగుచేసే అతను విప్పి చూపించాడు: ట్యూబు పసుపెక్కిపోయింది, లోపలి కెపాసిటర్ ఏళ్ళ తరబడి వాడక్కుండా పడి ఉండి పాడయింది. అమ్మినవాణ్ని ఏమీ అనలేను, కొనేముందు పరీక్ష చేయనిది నేనే. వాడిన లైటు కొంటే అక్కడే ఫుల్ పవర్‌లో ఇరవై సార్లు కొట్టించి, అన్ని ఫోటోల్లో వెలుగు ఒకేలా ఉందో లేదో చూసుకోవాలట. ఒక్క మాట. ఫ్లాష్‌ని ఇంట్లో మీరు మాత్రం విప్పకండి. ప్లగ్గు తీసేశాక కూడా కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉంటుంది.

అవి ఆపా నలభై వేలలోంచి పోయిన ఆరు వేలయి ఉంటే? ఆ ఆలోచనకే నాకు చెమట పట్టింది. భాంజీకి నిజం చెప్పేశాను. అది తిట్టలేదు. "సందూక్‌లో నానా ఫ్లాష్ ఉంది కదా, అది చూద్దాం," అంది.

ఉంది. అబ్బా చేతి రుమాలులోనే చుట్టి ఉంది. బ్యాటరీలు వేస్తే పాపం సన్నగా కూత పెట్టి ఎర్ర దీపం వెలిగింది. భాంజీ దాన్ని కెమెరా మీద పెట్టబోయి ఆగింది. మా వీధిలో టీవీలు బాగుచేసే ఆయన దగ్గరకి తీసుకెళ్ళి, కెమెరాకి తగిలే చోట మీటరు పెట్టించింది. రెండు వందల వోల్టులు దాటింది. ఇప్పటి ఫ్లాష్‌లలో అక్కడ ఉండేది అయిదారు వోల్టులే. పాతకాలపు కెమెరాలకి అది ఫర్వాలేదు, వాటిలో ఉత్త లోహపు స్విచ్చి. ఇప్పటి డిజిటల్ కెమెరాల్లో కొన్ని అంత వోల్టేజీకి లోపల కాలిపోతాయి. తాతగారి నిషానీ అని ప్రేమగా తగిలించి ఉంటే ఉన్న ఒక్క కెమెరా పోయేది. మీ ఇళ్ళల్లో కూడా పాత ఫ్లాష్ ఉంటే ఈ సంగతి గుర్తుంచుకోండి. మా అబ్బా ఫ్లాష్ మళ్ళీ రుమాలులోకి వెళ్ళింది. గొడుగు మాత్రం బయటికొచ్చింది. గొడుక్కి వోల్టేజీ ఉండదు కదా.

చివరికి కొన్నవి ఇవి. గదిలో వాడటానికి కరెంటుతో నడిచే 300 లైటు ఒకటి, పదివేల చుట్టుపక్కల. షాదీలకి బ్యాటరీతో నడిచే చిన్న ఫ్లాష్‌లు రెండు, గోడాక్స్ టీటీ600లు, కలిపి పన్నెండు వేల దాకా. మూడింటినీ కెమెరా మీద నుంచే నడిపే రేడియో ట్రిగ్గర్ ఒకటి. ఒక సాఫ్ట్‌బాక్స్, ఒక తెల్ల గొడుగు, గట్టి స్టాండ్లు, ఛార్జ్ చేసుకునే సెల్లులు ఎనిమిది. అంతా కలిపి ముప్ఫై ఆరు వేల అయిదొందలు. మిగిలిన మూడు వేల అయిదొందలు ఆపా డబ్బాలో పెట్టింది, బల్బు పోయినా వైరు పోయినా పనికొస్తాయని.

ఈ ఎంపికలో మీకు పనికొచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి. ట్రిగ్గర్ మన కెమెరా కంపెనీకి సరిపోయేదే తీసుకోవాలి, కెనాన్‌ది నికాన్‌కి పనికిరాదు. అన్ని లైట్లూ ఒకే రేడియో పద్ధతివి అయితే రేపు ఇంకో లైటు కొన్నా పాత ట్రిగ్గరే సరిపోతుంది. సాఫ్ట్‌బాక్స్ తగిలించే చోటు బోవెన్స్ రకం అయి ఉండాలి. ఆ ఇంగ్లండ్ కంపెనీ 2017లోనే మూతపడింది. అయినా దాని పట్టు నమూనాని చాలా కంపెనీలు వాడుతున్నాయి కాబట్టి సామాను చవగ్గా దొరుకుతుంది. చిన్న ఫ్లాష్ డబ్బా మీద గైడ్ నంబర్ 60 అని చూసి అది 300 లైటుతో సమానం అనుకోకండి. ఆ 60 వెలుగుని 200 ఎంఎం జూమ్‌లో సన్నగా పోగేసి కొలిచింది. అసలు శక్తి 300లో నాలుగో వంతు దాకా ఉంటుందేమో. స్టాండు దగ్గర మాత్రం కిఫాయత్ వద్దు. షాదీల్లో పిల్లలు పరిగెడతారు, స్టాండు పడితే లైటుతో పాటు ఇంకొకరి తల కూడా పగులుతుంది. ఆపా మందపాటి గుడ్డతో సంచులు కుట్టింది, నాగావళి ఇసుక నింపాం. స్టాండు కాళ్ళ మీద అవే బరువు.

బ్యాటరీ ఎందుకంత ముఖ్యమో మన జిల్లాల వాళ్ళకి చెప్పనక్కర్లేదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక కరెంటు కోసం ఎదురుచూసిన రోజులు మనకి గుర్తే. తుఫానే రానక్కర్లేదు, షాదీ ఇంట్లో వంటవాళ్ళ మోటారు, డెకరేషన్ సీరియల్ లైట్లు అన్నీ ఒకే లైను మీద వేస్తే చాలు.

కొత్త లైట్లతో మొదటి నికాహ్ శ్రీకాకుళంలోనే, జామియా మసీదుకి దగ్గరలో. నేను మర్దానాలో కూర్చున్నాను, మేడ మీద ఏం జరిగిందో భాంజీ తర్వాత చెప్పింది. మొదటి పది ఫోటోల్లో అందరి మొహాలూ పచ్చగా వచ్చాయట. గది గోడలు, పైకప్పు ఆకుపచ్చ రంగు. ఫ్లాష్‌ని పైకి తిప్పి కొడితే ఆ వెలుగు గోడ రంగు పూసుకుని కిందకి దిగింది. దుల్హన్ దుపట్టా మీద జర్దోజీ పని. నేరుగా కొడితే అద్దంలా మెరిసి మొహాన్ని మింగేస్తోంది. ఇది భయపడిపోయింది. తర్వాత నానా గొడుగు గుర్తొచ్చింది. అది తెరిచి, ఫ్లాష్‌ని దాని లోపలికి తిప్పి, దుల్హన్‌కి దగ్గరగా కాస్త పక్కన పెట్టింది. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతే మిగులుతుంది, అదే దగ్గరైతే చిన్న ఫ్లాష్ కూడా చాలు. మొహాలు మొహాల రంగులోకి వచ్చాయి.

మధ్యలో కరెంటు పోయిందట. కింద మర్దానాలో మేం సెల్‌ఫోన్లు వెలిగించుకున్నాం. మేడ మీద ఫోటోలు ఆగలేదు.

ఆ గదిలో దుల్హన్ దాదీ ఒకావిడ ఉన్నారు. ఎనభై దాటాయి. గోడ వైపు తిరిగి కూర్చుని తస్బీహ్ తిప్పుకుంటున్నారు. ఎప్పుడూ ఫోటో దిగని మనిషి, కార్డుల కోసం మజ్బూరీగా దిగినవి తప్ప. భాంజీ అడగలేదు. అడగకూడదు కూడా, తస్వీర్ విషయంలో ఎవరి మనసు వాళ్ళది. ఆవిడే కాసేపు చూసి, "మగాళ్ళు చూస్తారా?" అని అడిగారట. "మీరు ఎవరికి చూపిస్తే వాళ్ళే చూస్తారు దాదీ. ప్రింటు మీ చేతికిస్తాను, మీ ముందే కార్డులోంచి తీసేస్తాను," అంది ఇది. ఆవిడ తస్బీహ్ ఒళ్ళో పెట్టుకుని, మనవరాలి పక్కన కూర్చున్నారు.

ఆ ఫోటో నేను చూడలేదు. చూడను కూడా, అది అమానత్. వారం తర్వాత భాంజీ ప్రింటు తీసుకెళ్ళి ఇచ్చి, వాళ్ళ ముందే కార్డులోనూ కంప్యూటర్‌లోనూ తీసేసి వచ్చింది. దాదీ ఆ ప్రింటుని చాలాసేపు పట్టుకుని, "మా అమ్మ ఇలాగే ఉండేది," అన్నారట. వాళ్ళ అమ్మ ఫోటో ఒక్కటీ లేదు మరి.

ఇప్పటికి నాలుగు నికాహ్‌లయ్యాయి. మధ్యలో గదిలో పసిపిల్లల ఫోటోలు, తెల్ల దుప్పటి ముందు హజ్ ఫారాల ఫోటోలు. ఏదో పెద్ద సంపాదన అని చెప్పను. నెలకి రెండు వేలు ఆపా చేతిలో పెడుతోంది, చిట్టీ సొమ్ము మళ్ళీ నిండాలని. కొన్ని నెలలు ఆ రెండు వేలు కూడా రావు, ముహర్రంలో మా వైపు షాదీలు పెట్టుకోరు, రంజాన్‌లోనూ ఉండవు. "కరెంటు దీపాలు" అన్న చుట్టాల్లో ఒకరు మొన్న ఫోన్ చేసి, వాళ్ళ అమ్మాయి మంగ్నీకి పిల్ల ఖాళీగా ఉందా అని అడిగారు. ఆపా ఏమీ ఎత్తిపొడవలేదు. తారీఖు రాసుకుంది.

నేను చేద్దామనుకున్నది మా అబ్బా ఓడిన చోట గెలవడం. ఆ పిల్ల చేసింది తన గదిని, తన గిరాకీని, తన చేతిలో ఉన్న పైసల్ని కొలుచుకుని, అంతకి సరిపడా వెలుగు కొనుక్కోవడం. మీ ఇంట్లో పిల్లలు ఇలాంటిది ఏదైనా అడిగితే షాపులో ఏది పెద్దదని చూడకండి. ఈ సామానుతో మొదటి నెల ఎవరి ఇంట్లో, ఎంత గదిలో పని చేస్తావని పిల్లనే అడగండి. నేను ఆ ప్రశ్న అడగకుండా ఆరు వేలు పోగొట్టుకున్నాను.

ఆ పాడైపోయిన లైటు ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది, సందూక్‌లో అబ్బా ఫ్లాష్ పక్కన.

ఆపా కోసం, పిల్ల కోసం దువా చేయండి.